పెదవులు కదలకూడదు

మా కంప్యూటర్ ల్యాబులో చప్పుడు లేకపోతే నాకు చేతులు చల్లబడేవి. మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ప్రోగ్రామింగ్ చెబుతాను. ల్యాబంటే ఎక్కడైనా ఫ్యాన్ల హోరు, కీబోర్డుల టకటక, అంతే. మా ల్యాబు మాత్రం వరండాలో పోయేవాళ్ళకు ఎక్కాల బడిలా వినిపించేది. "ఐ సున్నా. సున్నా ఐదు కంటే చిన్నది. నిజం. లోపలికి పో. ఐ ఇప్పుడు ఒకటి..." అంటూ క్లాసంతా ఒక్క గొంతుతో చదివేది. ప్రిన్సిపాల్ సారు ఒకసారి తలుపు దగ్గర నిలబడి, "మేడం, ఇది కంప్యూటర్ ల్యాబా, ఎల్కేజీనా?" అన్నారు. ఆయన నవ్వారు కాబట్టి నేనూ నవ్వాను. నవ్వకుండా అని ఉంటే ఆ సాయంత్రమే ఆ పద్ధతి మానేసి ఉండేదాన్ని. నా ధైర్యం ఆపాటిది.

ఆ పద్ధతి నేను ఏ పుస్తకంలోనో చూసి పెట్టింది కాదు, విసుగులోంచి పుట్టింది. మా పిల్లలు చాలామంది చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్ళు. తెర మీద ఇంగ్లీషు మాటలు, బ్రాకెట్లు కనపడగానే బిగుసుకుపోయేవారు. ప్రోగ్రాం మొత్తం బట్టీ పట్టి పరీక్షలో ఉన్నదున్నట్టు దించేసేవారు. అందులో ఒక్క అంకె మార్చి అడిగితే ఎవరి నోటా మాట రాదు. ఒకరోజు నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీరే మిషను అనుకోండి. ఒక్కో లైనుకూ మిషను ఏం చేస్తుందో పైకి చెప్పండి. తెలుగులోనే చెప్పండి, నేనేం కొట్టను" అన్నాను. మొదట గొణిగారు. తర్వాత గొంతులు లేచాయి. నోరు కదిలాక బుర్రలూ కదిలాయి. ఆ ఏడాది బయటి ఎగ్జామినరు వచ్చి ప్రోగ్రాములు మార్చి అడిగితే కూడా చాలామంది రాయగలిగారు.

అయినా నా భయం నాకుండేది. గిద్దలూరు నుంచి రోజూ బస్సులో వచ్చి పోతాను. చదివిందీ ఇక్కడే, చెప్పేదీ ఇక్కడే. సాఫ్ట్‌వేర్ కంపెనీ లోపల ఎట్లా ఉంటుందో నేను చూడలేదు. చూడని ఊరికి రోజూ దారి చెబుతున్నాను. పిల్లలు అడుగుతారు: "మేడం, ఏఐ వచ్చింది గదా. ఇంక మనకు ఉద్యోగాలు ఉంటాయా?" బాగా నేర్చుకున్నవాళ్ళకు ఎప్పుడూ ఉంటాయని గట్టిగా చెబుతాను. మెల్లగా చెబితే నా గొంతులో వణుకు వాళ్ళకు తెలిసిపోతుందని గట్టిగా చెబుతాను.

వాళ్ళలో ఒక పిల్ల ఉండేది. ఫైనలియర్‌కు వచ్చేసరికి క్లాసులో అందరికంటే పెద్ద గొంతు ఆమెది. తర్లుపాడు దగ్గర పల్లె, నాయన కంది, మిరప వేసే రైతు. మనిషి సన్నం, గొంతు మాత్రం మైకు. ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో ఆమె కళ్ళతో వెతికేది కాదు. గబగబా పైకి చదువుకుంటూ పోయేది. తప్పున్న లైను దగ్గర నాలుక తట్టుకునేది. "ఇక్కడేందో ఉంది మేడం" అనేది. నిజంగానే ఉండేది. ఒక లెక్కకు ప్రోగ్రాం రాయమంటే ఇంకో రెండు రకాలుగా రాసుకొచ్చేది. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో, ఈమె నిజంగా ప్రోగ్రామర్ అవుతుంది అని లోపల్లోపల అనుకున్నది ఆమెను చూసే.

వాళ్ళ నాయన ఒకరోజు కాలేజీకి వచ్చాడు. మా వైపు అదొక అలవాటు. పిల్లల విషయంలో ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ముందు టీచరు నోటి మాట కావాలి. వరండాలో చెప్పులు విడిచి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, నిలబడే అడిగాడు.

"మేడం, మా పాప పనికొస్తాదా ఈ కంప్యూటర్ల ఉద్యోగానికి?"

"వస్తుంది. తప్పకుండా వస్తుంది."

"మీరు అంటే సరే. ఉద్యోగం చేతికొస్తే ఎంత దూరమైనా పంపిస్తా, నేను అడ్డం రాను. ఎతుక్కునేదానికి మాత్రం పంపియ్యలేను. రాకుంటే మా బామ్మర్దికి కంభంలో ఎరువుల దుకాణం ఉంది. బిల్లులు కొట్టే మనిషి కావాలంటాండాడు. అది గూడా కంప్యూటర్ పనే గదా మేడం."

అందులో వెటకారం లేదు. ఆయన దృష్టిలో రెండూ కంప్యూటర్ ముందు కూర్చునే పనులే. కానీ అవి ఒకటి కావని నాకు తెలుసు. ఒకసారి ఆ దుకాణంలో కూర్చుంటే, ఇక ఆమె అక్కడే ఉండిపోతుంది. పని తెలిసిన మనిషిని ఏ మేనమామా వదులుకోడు. ఆ పిల్ల వరండా స్తంభం పక్కన నిలబడి నా వైపే చూస్తోంది. ఈ వేసవి లోపల ఆమెకు ఉద్యోగం రావాలి. వస్తుందని మాట ఇచ్చింది నేను.

ఆ చలికాలంలోనే మొదటిసారి ఒక కంపెనీ మా కాలేజీని తన జాబితాలో పెట్టింది. ముందు ఆన్‌లైన్ పరీక్ష, గెలిచినవాళ్ళకు వీడియోలో ఇంటర్వ్యూ. అలవాటు కోసం ఒక మాదిరి పరీక్ష పంపారు. పిల్లలందరినీ కూర్చోబెట్టాను. కెమెరా వాళ్ళ ముఖాలనే చూస్తూ ఉంటుంది. ఆ పిల్ల మొదటి ప్రశ్న తీసింది. అలవాటు ప్రకారం పెదవులు ఆడాయి. కంప్యూటర్ కుయ్యిమంది. తెర పైన ఎర్రటి పట్టీ వచ్చింది. పెదవులు కదులుతున్నాయి, ఎవరితోనో మాట్లాడుతున్నారు, ఇది మొదటి హెచ్చరిక అని దాని సారాంశం. ఆమె బిత్తరపోయి నా వైపు తిరిగింది. చూపు పక్కకు పోయినందుకు ఇంకొకటి. "ఏంది మేడం ఇది?" అని నోరు తెరిచింది. మూడో హెచ్చరికతో పరీక్ష ఆగిపోయింది. ఒక్క ప్రశ్నకు కూడా జవాబు పెట్టలేదు.

ల్యాబంతా కుయ్యి కుయ్యిమంటూనే ఉంది. ఒకరి తర్వాత ఒకరి తెర ఎర్రబడుతోంది. పైకి చదవడం నేర్పింది నేనే. తాడే పామై కరవడమంటే ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది. ఆ సాయంత్రం బస్సులో కంభం దాటేదాకా కిటికీలోంచి ఏం చూశానో గుర్తు లేదు. ఎరువుల దుకాణాల బోర్డులు మాత్రం ఒక్కొక్కటిగా కనపడ్డాయి.

మరుసటి రోజు నుంచి నా పాఠం మారిపోయింది. పాఠమంటే పెదవులు మూసుకోవడమే. నీళ్ళు పుక్కిట పట్టి ప్రోగ్రాం చదవమన్నాను. మొదటిరోజు ఆ పిల్లే ఫక్కున నవ్వి కీబోర్డు మీద నీళ్ళు చిమ్మింది. ఇంకో సమయంలో అయితే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు అరిచాను. "నవ్వులాటా ఇది? అక్కడ నీ ముఖం చూసి నవ్వేవాళ్ళు ఉండరు. పీకి బయట పడేస్తారు!" ఆమె ముఖం చిన్నబోయింది. కీబోర్డును చున్నీతో తుడిచి, మళ్ళీ నీళ్ళు నోట్లో పోసుకుని కూర్చుంది.

గొంతు లేకుండా మొదట్లో ఆమెకు ఏదీ అందలేదు. ఒకే పనిని తిప్పి తిప్పి చేయించే సులువైన లూపులో కూడా తప్పు చేసేది. "లోపల చదివితే నాకు వినపడదు మేడం" అంది ఒకసారి. జాలి వేసింది, కానీ భయం జాలిని తొక్కేసింది. క్లాసులో ఎవరి పెదవి కదిలినా "నోరు!" అని కేకేసేదాన్ని. కొన్నాళ్ళకు నేను కేక వేయాల్సిన అవసరమే లేకపోయింది. ప్రిన్సిపాల్ సారు వరండాలో పోతూ ఆగి, "ఇప్పుడు కదా మేడం, ల్యాబులా ఉంది" అన్నారు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

ఆ పిల్ల మాత్రం తన దారి తాను వెతుక్కుంది. మా ల్యాబులోకి చెప్పులు వేసుకుని రానివ్వరు, దుమ్ము పడుతుందని. ఒకరోజు ఆమె బల్ల కిందికి చూస్తే కాలి వేళ్ళు ఆడుతున్నాయి. ఒక్కో లైనుకు ఒక్కో వేలు. లూపు తిరిగిన ప్రతిసారీ బొటనవేలు నేలకు తాకుతోంది. నోట్లో ఆగిపోయిన చదువు కాళ్ళలోకి దిగింది. జవాబులు మళ్ళీ సరిగ్గా రావడం మొదలైంది. కెమెరా బల్ల కిందికి చూడదు కదా! నాకు ఊపిరి వచ్చింది.

పరీక్ష రోజు రాసేవాళ్ళను తప్ప ఇంకెవరినీ లోపలికి రానివ్వకూడదన్నారు. ఇంకో ముఖం కనపడినా, ఇంకో గొంతు వినపడినా పరీక్ష రద్దు. నేను అద్దాల కిటికీ బయట నిలబడ్డాను. కరెంటు పోతుందేమోనని ఒక భయం, నెట్టు తెగుతుందేమోనని ఒక భయం, కుక్క మొరిగితే ఎవరో మాట్లాడారంటుందేమోనని కూడా భయం. పరీక్ష మొదలు కాగానే ఆమె తెర పైన ఎర్రటి పట్టీ! తర్వాత తెలిసింది, దేవుడికి దండం పెట్టుకుంటూ పెదవులు కదిపిందట. ఏ వెంకటేశ్వరస్వామీ కంపెనీ కెమెరాకు చెప్పలేడు, ఈ పిల్ల నాతోనే మాట్లాడుతోందని.

సగం అయ్యేసరికి ఏదో కష్టమైన ప్రశ్న దగ్గర ఆమె కింది పెదవి ఒక్కసారి అదిరింది. రెండో పట్టీ. ఇక ఒక్కటే మిగిలింది. ఆమె పై పళ్ళతో కింది పెదవిని పట్టుకుంది. చివరిదాకా వదల్లేదు. బల్ల కింద కాలి వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. నేను నా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను, నా ఊపిరి కూడా ఆ కంప్యూటర్‌కు వినపడుతుందేమోనని. బయటికి వచ్చినప్పుడు ఆమె పెదవి మీద రక్తపు చార ఉంది. "అయిపోయింది మేడం" అని కూడా అనలేదు. చెయ్యి ఊపింది.

మా కాలేజీలో ఇంటర్వ్యూకు నిలిచింది ఆమె ఒక్కతే.

వాళ్ళ నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "మీ చలువ మేడం" అన్నాడు. ఇంకా ఇంటర్వ్యూ ఉందన్నాను. "పరీక్షే గెలిచింది గదా, మాట్లాడేదానికేముంది? మా పాపకు నోరెక్కువ. నోట్లో నువ్వుగింజ నానదు" అని నవ్వాడు. అదీ నిజమే అనిపించి, చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కంటి నిండా నిద్రపోయాను.

ఇంటర్వ్యూ రోజు నెట్టు చూసుకోవడానికి నన్ను ల్యాబులో ఒక మూల కూర్చోనిచ్చారు. కెమెరాకు కనపడకుండా, చప్పుడు చేయకుండా ఉండాలన్నది షరతు. తెర మీద కళ్ళద్దాల కుర్రాడు, మా పాత విద్యార్థుల వయసే ఉంటుంది. మర్యాదస్థుడు. ఇంగ్లీషులో పేరూ ఊరూ అడిగాడు. ఆమె చెప్పింది. తర్వాత ఒక చిన్న లెక్క ఇచ్చాడు. ఒక వరుసలో ఉన్న అంకెల్లో రెండోసారి వచ్చినదాన్ని పట్టుకోవాలి. నేను క్లాసులో చేయించినదే. నా ప్రాణం కుదుటపడింది.

"తొందరేం లేదు. మీరు ఏం ఆలోచిస్తున్నారో అది పైకి చెబుతూ రాయండి" అన్నాడు అతను. "మాకు జవాబు కంటే మీ ఆలోచన ముఖ్యం."

నేను సరిగ్గానే విన్నానా అని ముందుకు వంగాను. ఆలోచన పైకి చెప్పాలట. ఇన్నేళ్ళుగా మా ల్యాబులో మోగింది అదే కదా! అదే కదా నేను గొంతు పిసికి ఆపింది!

ఆమె రాయడం మొదలుపెట్టింది. ఒక్క మాట లేదు. పళ్ళు కింది పెదవిని పట్టుకున్నాయి. బల్ల కింద బొటనవేలు నేలకు తాకుతోంది.

"పైకి చెప్పండి. తెలుగులో చెప్పినా పరవాలేదు, నాకు అర్థమవుతుంది" అన్నాడు అతను, ఈసారి తెలుగులోనే.

ఆమె నా వైపు చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. మాట్లాడమ్మా అని అరవాలనిపించింది. నా గొంతు మైకులో పడితే పక్కనుంచి ఎవరో అందిస్తున్నారని మొత్తం రద్దు చేస్తారని భయం. ఇటు చూస్తోందని కూడా అతను అనుమానిస్తాడని ఇంకో భయం. చెయ్యి ఊపి, అటు చూడు, అటు, అని సైగ చేశాను. ఆమె టక్కున తెర వైపు తిరిగింది. పెదవులు ఇంకా గట్టిగా బిగిశాయి. నా సైగను ఏమని అర్థం చేసుకుందో ఆ బిగువు చూస్తేనే తెలిసింది, కానీ ఇంకో సైగ చేయడానికి నా చెయ్యి లేవలేదు.

అతను ఇంకొకసారి అడిగాడు. కీబోర్డు చప్పుడు తప్ప ల్యాబులో ఏమీ లేదు. చివరికి ప్రోగ్రాం నడిపి చూశాడు. "కరెక్టే వచ్చింది" అన్నాడు, ఏదో సర్దిచెబుతున్నట్టు. "సరే, థాంక్యూ. కాలేజీకి తెలియజేస్తాం." తెర మీద అతని బొమ్మ పోయింది.

నేను ఒక్క ఉరుకులో ఆమె దగ్గరికి పోయాను. "ఎందుకు మాట్లాడలేదే? తెలియలేదా?"

ఆమె కంప్యూటర్ వైపు ఒకసారి అనుమానంగా చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గుసగుసగా చెప్పింది.

"అంతా తెలుసు మేడం. మాట్లాడమని అడిగేది గూడా పరీక్షేమో అనుకుంటి. నోరు తెరిస్తే మూడోది వస్తాదని భయమేసింది."

ఇంటర్వ్యూ లింకు వచ్చిన మెయిల్ చిరునామాకు ఆ మధ్యాహ్నమే రాశాను. పిల్ల తప్పు కాదు, మేమే నోరు మూయించాం, ఇంకొక్కసారి అడిగి చూడండి అని. జవాబు రాలేదు. వారం తిరగకుండా ఫలితం వచ్చింది. ప్రోగ్రామింగ్ బాగుంది, మాట్లాడే తీరు చాలదు, తీసుకోలేకపోతున్నాం అని. మాట్లాడే తీరు! దాన్ని ఎన్నిసార్లు చదివానో. చదివిన ప్రతిసారీ కోపం కంపెనీ మీద మొదలై నా దగ్గరికే వచ్చి ఆగేది.

పరీక్షలయ్యాక సర్టిఫికెట్ల కోసం తండ్రీ కూతుళ్ళు వచ్చారు. వరండాలో ఆయన ఎప్పటిలాగే చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆయన తిడతాడని ఎదురుచూస్తున్నాను. తిడితే కొంచెం తేలిక పడేదాన్నేమో.

"బాధపడబాకండి మేడం. మీరు చేసేది చేసినారు. రాసి పెట్టి ఉండాల. సోమవారం నుంచి కంభం పోతాది" అన్నాడు. ఇంకో ఆరు నెలలు ఆగమని, ఇంకో కంపెనీ వస్తుందని, నేను దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతానని ఏవేవో అన్నాను. ఆయన తల ఊపుతూ విన్నాడు కానీ ఈసారి నా నోటి మాటకు ఆ విలువ లేదని ఇద్దరికీ తెలుసు.

పోబోతూ ఆగి, గొంతు తగ్గించాడు.

"ఒకటే మేడం. పాప ఇంట్లో గూడా మాట్లాడ్డం మానేసింది. వాళ్ళమ్మ అడిగితే తల ఊపుతాది, లేకుంటే చెయ్యి చూపిస్తాది. ఇదివరకు వాకిట్లోకి వస్తానే సగం పల్లెకు వినపడేది గొంతు. మేం చెప్తే ఇంటల్లేదు. మీరు ఒక్క మాట చెప్పండి మాట్లాడమని. మీరు చెప్తే ఇంటాది."

ఆ పిల్ల నా ఎదురుగా నిలబడి ఉంది, సర్టిఫికెట్ల కవరు గుండెకు ఆనించుకుని. ఇంతకాలం నేను చెప్పిన ప్రతి మాటా విన్న పిల్ల. నోరు తెరవడానికి నాకు భయమేసింది. మళ్ళీ నా మాట వల్ల ఏమవుతుందోనని. అయినా తండ్రి ఎదురుచూస్తున్నాడు.

"మాట్లాడమ్మా" అన్నాను. "ఇంక ఎవరూ ఏమీ అనరు. మాట్లాడు."

ఆమె నా ముఖంలోకి శ్రద్ధగా చూసింది. సరేనన్నట్టు తల ఊపింది.